పది సెకన్ల కాగితం



పోయిన నెల ఒక రాత్రి మన సంఘ పెద్ద ఒకాయనకు ఛాతీలో బరువు, ఒళ్లంతా చెమటలు. కబురు వస్తే వెళ్లాం. "గ్యాస్ అయ్యుంటుంది అయ్యగారూ" అన్నాడాయన. మేమూ అదే అనుకొని, ప్రార్థన చేసి, పొద్దున చూద్దామని చెప్పి వచ్చేశాం. ఆ మాట మేము అనకుండా ఉండవలసింది.

తెల్లవారుజామున నొప్పి మళ్లీ వచ్చింది. కోసిగి నుండి ఆదోనికి తీసుకుపోయాం. ఇ.సి.జి. తీశారు, నార్మల్ అన్నారు. "స్తోత్రం ప్రభువా, ఇక ఇంటికి పోదాం" అన్నాం. డాక్టరుగారు పోనివ్వలేదు. "పాస్టర్ గారూ, ఇది పది సెకన్ల కాగితం. కాసేపు ఆగి మళ్లీ తీద్దాం" అని, ఆ గీతలు మాకు చూపించారు.

మొదటి చిన్న గుట్ట 'పి'. గుండె పైగదులకు విద్యుత్తు అందిందని గుర్తు. తర్వాత గీత కాసేపు సమంగా ఉంటుంది. ఆ ఆగుడులో పైగదులు తమలో మిగిలిన రక్తాన్ని కిందిగదుల్లోకి నెడతాయి. అప్పుడు సూదిమొనలా లేచేది 'క్యూఆర్‌ఎస్', కిందిగదులు బలంగా పిండుకునే వేళ. ఇది మూడు చిన్న గళ్లు దాటకూడదు. ఒక్కో గడి 0.04 సెకను. చివరి గుట్ట 'టి', కిందిగదులు తర్వాతి దెబ్బకు మళ్లీ సిద్ధపడడం. ఈ అక్షరాలు పెట్టిన ఐంథోవెన్ గారికి 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండోసారి తీసినప్పుడు, 'క్యూఆర్‌ఎస్'కూ 'టి'కీ మధ్య సమంగా ఉండవలసిన గీత పైకి లేచింది. అది గుండెపోటు. వెంటనే మందు ఎక్కించారు. దేవుని కృపవలన ఆయన ఈరోజు మన మధ్య ఉన్నాడు.

ప్రియులారా, ఆదివారం ఆరాధనలో మనమూ అందరికీ నార్మల్‌గానే కనబడతాం. అది కూడా పది సెకన్ల కాగితమే. సోమవారం అప్పులవాడు వచ్చినప్పుడు, ఇంట్లో మాట పెరిగినప్పుడు మన హృదయం ఎలా ఉందో దేవుడు చూస్తున్నాడు. ఈ వారం కీర్తనలు 139 చదువుకొని, ఆయన ఎదుట మనలను పరీక్షించుకుందాం.

ఇంకొక మాట. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే మా కోసం ఎదురుచూడవద్దు. ముందు 108కి ఫోన్ చేయండి. మేము బండిలోనే ప్రార్థన చేస్తాం. లూకా కూడా వైద్యుడే కదా.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమేన్.