అమ్మతో ఈజిప్టుకి

మా ఇంట్లో ఏ ప్రయాణమైనా ముందు నా నోట్‌బుక్‌లో జరుగుతుంది. తిరుపతి అయినా సరే, ఎవరి మాత్రలు ఎవరి సంచిలో, పులిహోర ఎన్ని డబ్బాలు, పాలవాడికి ఎవరు చెప్పాలి, అన్నీ రాసుకుంటేనే నాకు నిద్ర పడుతుంది. ఈసారి కొత్త పేజీ తీసి పైన ‘ఈజిప్టు’ అని రాస్తే మా వారు నవ్వారు. రెండేళ్ళు కట్టిన చీటీ డబ్బు చేతికొచ్చింది. గొలుసు చేయించుకోమని వదిన చెప్పింది. నేను మాత్రం ఏడో తరగతి సోషల్ పుస్తకంలో చూసిన పిరమిడ్ బొమ్మనే ఇంకా మర్చిపోలేదు.

మొదటి ప్లాను మా అమ్మాయి వేసింది. ఎనిమిది రోజుల్లో కైరో, అలెగ్జాండ్రియా, లక్సర్, అస్వాన్, మధ్యలో ఎర్రసముద్రం ఒడ్డున ఒక రోజు. చదువుతుంటేనే నాకు కాళ్ళు పీకాయి. అయినా అన్నీ రాసుకున్నాను. పేజీ చివర, ‘గ్యాస్ బుక్ చేయాలి’, ‘తులసికి నీళ్ళు’ అన్న వాటి మధ్యలో ఇంకో లైను రాశాను: ‘అమ్మ – అన్న దగ్గర, పది రోజులు.’

అమ్మకి డెబ్భై నాలుగేళ్ళు. నాన్న పోయాక మా దగ్గరే ఉంటోంది.

ఒక రాత్రి భోజనాలయ్యాక అబూ సింబెల్ గుడి గురించి టీవీలో వీడియో చూస్తున్నాను. అమ్మ పక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. మూడు వేల ఏళ్ళకు పైబడిన గుడి అది. రెండో రామ్సెస్ రాజు కొండనే తొలిపించి కట్టించాడు. వాకిట్లో నలుగురూ ఆయనే, ఒక్కో విగ్రహం దాదాపు 20 మీటర్ల ఎత్తు. పక్కనే రాణి నెఫర్తారికి ఇంకో గుడి. అస్వాన్ దగ్గర నైలు మీద పెద్ద ఆనకట్ట కట్టేటప్పుడు ఈ రెండూ మునిగిపోతాయని తేలింది. 1960లో యునెస్కో పిలుపునిస్తే ఎన్నో దేశాలు డబ్బిచ్చాయి. 1964 నుంచి 1968 దాకా ఆ గుళ్ళని రంపాలతో వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, ఒక్కోటి సగటున 20 టన్నుల రాయిని క్రేన్లతో ఎత్తి, సుమారు 65 మీటర్ల పైన మళ్ళీ పేర్చారు. వెనక కొండ కూడా మనుషులు కట్టిందే.

రామ్సెస్ ముఖం క్రేనుకి వేలాడుతూ గాలిలోకి లేచింది. అమ్మ చేతిలో అనపకాయ అలాగే ఉండిపోయింది.

“కూడవెల్లి గుడిని గూడా ఇట్లనే చేసినారు గదా” అంది.

అమ్మ పుట్టిల్లు కృష్ణా తుంగభద్రలు కలిసే చోటికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోయింది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని, చాళుక్యుల కాలం నాటిదని, రాయి రాయి విప్పి అలంపురానికి తీసుకెళ్ళి మళ్ళీ కట్టారు. మా అమ్మమ్మ వాళ్ళు పరిహారం డబ్బులు తీసుకుని, తలుపులు, దూలాలు బండికెక్కించుకుని తలో దిక్కు పోయారు. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఎండాకాలం సెలవులకి అమ్మమ్మ ఊరు లేకుండా పోయిందని ఏడ్చానట. అమ్మ ఏడ్చిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

వీడియో అయిపోయింది. అమ్మ అనపగింజలు గిన్నెలోకి వంచుతూ అడిగింది, “గుడిని పైకి తెచ్చినారు, బాగుంది. ఆ ఊర్లోళ్ళు యాడికి పోయినారు?”

నాకు తెలియదు. వారం రోజులుగా అన్ని ప్యాకేజీలు చదివాను. గుడి ఎత్తెంత, టికెట్ ఎంత, ఫోటో ఏ మూల నుంచి బాగా వస్తుంది, అన్నీ తెలుసు. ఈ ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. ఆ రాత్రి కూర్చుని వెతికాను. వాళ్ళు నూబియన్లు. 1963, 64లలో వేలాది కుటుంబాలని నైలు ఒడ్డు నుంచి లేపి, అస్వాన్‌కి ఉత్తరాన కోమ్ ఓంబో పరిసరాల్లో కొత్త ఊళ్ళు కట్టి దించారు. సరిహద్దుకి అవతల సూడాన్ నూబియన్లదీ అదే కథ. ఖర్జూరం తోటలు, సమాధులు, ఇళ్ళు, అన్నీ ఇప్పుడు నాసర్ సరస్సు కింద ఉన్నాయి.

పొద్దున్నే కాఫీ తాగుతూ అమ్మకి చెప్పాను. ఆమె “ఊ” అని ఊరుకుంది. నేను నోట్‌బుక్ తెరిచి ‘అమ్మ – అన్న దగ్గర’ అన్న లైను కొట్టేశాను.

అన్నకి కోపం వచ్చింది. “ఈ వయసులో ఆమెని ఎడారిలో తిప్పుతావా? ఏదన్నా అయితే ఎవరు చూసుకుంటారు?” అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేం లేదు. అమ్మకి షుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. అమ్మ కూడా “నాకెందుకమ్మా, మీరు పోయి రండి” అనే అంది. కానీ అన్న ఫోను పెట్టేశాక నెమ్మదిగా “ఆ గుడి దగ్గర మెట్లు ఎక్కువుంటాయా?” అని అడిగింది. ఇంకేం కావాలి నాకు?

డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, ఎండలో తిప్పొద్దు, భోజనం వేళ తప్పించొద్దు అని పంపారు. అప్పటి నుంచి ప్లానంతా మళ్ళీ మొదలుపెట్టాను.

ముందు నెల. అస్వాన్‌లో వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి నవంబర్ చివర అనుకున్నాం. ఫిబ్రవరి 22, అక్టోబర్ 22 తేదీల్లో అబూ సింబెల్ గర్భగుడిలోకి సూర్యకిరణాలు పడతాయి. చూడాలనే ఉంది కానీ ఆ రోజు జనంలో అమ్మని నిలబెట్టలేను. అలెగ్జాండ్రియా తీసేశాం, సముద్రం తీసేశాం. మా అమ్మాయి కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత తనే కూర్చుని కొత్త టేబుల్ వేసింది.

కైరోలో రెండు రోజులు. పెద్ద పిరమిడ్ లోపలికి వంగి ఎక్కాలి కాబట్టి అమ్మా నేనూ బయట కూర్చుని చూస్తాం. ముంబై నుంచి కైరోకి ఎలాగూ విమానమే, అక్కడి నుంచి లక్సర్‌కి కూడా విమానమే. కర్నాక్ గుడిలో ఒక్క మండపంలోనే 134 స్తంభాలు, నడక ఎక్కువ. అందుకని తెల్లవారగానే వెళ్ళడం, మడత స్టూలు ఒకటి వెంట పెట్టుకోవడం. రాజుల లోయలో మామూలు టికెట్ మీద మూడు సమాధులు చూడొచ్చు. అమ్మకి ఒక్కటి చాలు, తక్కువ దిగుడు ఉన్నది అడిగి తీసుకెళ్తాం. ఆ తర్వాత పడవలో నాలుగు రాత్రులు. ఎడ్ఫు, కోమ్ ఓంబో గుళ్ళకి పడవే తీసుకెళ్తుంది, మధ్యాహ్నం మంచం మీద నడుము వాల్చొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇంతకన్నా సుఖమైన దారి నాకు కనిపించలేదు.

తిండి గురించి భయపడ్డాను గానీ అవసరం లేదట. అన్నం, పప్పు, మాకరోని, శనగలు కలిపి పైన వేయించిన ఉల్లిపాయలు, టమాటా సాసు వేసే కొషరీ ఉంది. బాకలా గింజలతో చేసే ఫూల్, వడల్లాంటి తామేయా ఉన్నాయి. అయినా గోంగూర పచ్చడి సీసా లేకుండా అమ్మ విమానం ఎక్కదు.

అస్వాన్‌లో మూడు రాత్రులు. ఫిలే ద్వీపంలోని ఐసిస్ దేవి గుడిని కూడా నీళ్ళలోంచి తీసి పక్క ద్వీపంలో కట్టారు, అక్కడికి పడవలో వెళ్ళాలి. 1997లో తెరిచిన నూబియా మ్యూజియం మా మొదటి ప్లానులో లేనే లేదు. ఇప్పుడు దానికి సగం రోజు. అక్కడి నుంచి అబూ సింబెల్ సుమారు 280 కిలోమీటర్లు. అందరూ తెల్లవారుజామున నాలుక్కి బయల్దేరి, గంటా రెండు గంటలు చూసి, మధ్యాహ్నానికి వెనక్కొచ్చేస్తారు. మేం ఆ ఊళ్ళోనే ఒక రాత్రి ఉంటాం. అమ్మకి తొందర ఉండకూడదు.

ఇక అమ్మ పాస్‌పోర్టు. దరఖాస్తు నింపే అబ్బాయి, పుట్టిన ఊరు దగ్గర కర్నూలు అని వేసేద్దాం, గొడవుండదు అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. “నేను కర్నూల్లో పుట్టలేదు నాయనా” అని ఊరి పేరు ఒక్కో అక్షరం పలికి రాయించింది. ఆఫీసులో కౌంటర్ దగ్గర ఒకామె స్క్రీను చూస్తూ మామూలుగానే అడిగింది, “ఈ ఊరు ఎక్కడుందండీ?”

“నీళ్ళ కింద” అంది అమ్మ.

ఆమె తలెత్తి అమ్మ వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు.

పోయిన వారం పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ఫోటో చూడకుండా ఆ లైను ఎక్కడుందో చూపించమంది. తనకి ఇంగ్లీషు చదవడం రాదు. నేను వేలు పెట్టి చదివాను. ఇంకోసారి చదవమంది.

నిన్న రాత్రి నోట్‌బుక్‌లో మందుల లిస్టు రాస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. “ఆడ ఆ ఊర్లోళ్ళు ఎవరన్నా కనబడితే, నేను మాట్లాడితే అర్థమవుతుందా?” అంది. నువ్వు తెలుగులో చెప్పు, నేను గైడుకి ఇంగ్లీషులో చెప్తాను, ఆయన వాళ్ళని అరబ్బీలో అడుగుతాడు అన్నాను. కాసేపు ఆలోచించింది.

శ్రీశైలంలో నీళ్ళు బాగా తగ్గిన ఎండాకాలం అమ్మ ఊరి పునాదులు బయటపడతాయి. ఓపిక ఉన్నన్నాళ్ళు పోయి, వాళ్ళ వాకిలి ఎక్కడుండేదో చూసుకుని వచ్చేది.

“అయితే అడుగు” అంది. “ఎండాకాలంలో వాళ్ళకి గూడా పునాదులు కనబడతాయా అని.”

మందుల లిస్టు కింద అదీ రాసుకున్నాను.