అర్రేలో ఇంకొకరికి చోటు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. కానీ డిగ్రీ మొదటి సంవత్సరం కంప్యూటర్స్ తమ్ముళ్ళు కొందరు "సి లాంగ్వేజ్ మా వల్ల కాదన్నా, గ్రూపు మార్చుకుంటాం" అంటున్నారు. వాళ్ళలో ఒకతనైతే పెట్టె సర్దుకుని ఊరికి పోతానన్నాడు. అందుకే కవిత పక్కన పెట్టి, వాళ్ళు ఎక్కువగా భయపడే ఒక్క విషయం రాస్తున్నాను. అదే అర్రేలో కొత్త విలువను చేర్చడం.

అర్రే అంటే ఒకే రకం విలువలను మెమొరీలో పక్కపక్కనే పెట్టుకునే వరుస. మన వరండాలో గదులున్నట్టే. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో ఈ గడుల లెక్క సున్నాతో మొదలవుతుంది. సున్నా ఎందుకని అందరూ అడుగుతారు. ఆ నంబరు మొదటి గడి నుంచి ఎన్ని గడులు దాటాలో చెబుతుంది. మొదటి గడికి దాటవలసిందేమీ లేదు కనుక సున్నా. ఒక్కో పూర్ణాంకానికి 4 బైట్లు పట్టే కంప్యూటర్లో వరుస 1000వ చిరునామా దగ్గర మొదలైతే, 3వ నంబరు గడి 1012 దగ్గర ఉంటుంది. మూడు నాలుగులు పన్నెండు, అంతే లెక్క.

హాస్టల్ రిజిస్టరులో రెండు సంఖ్యలుంటాయని మనకు తెలుసు. ఒకటి మంజూరైన సంఖ్య, రెండోది ఇప్పుడు ఉన్నవాళ్ళ సంఖ్య. అర్రేకూ అంతే. 100 గడులు అడిగి తీసుకుని 5 విలువలే పెట్టవచ్చు. ఈ 5ను సి భాష గుర్తుపెట్టుకోదు, మనమే వేరే చోట రాసుకోవాలి. చివర చేర్చడం సులువు. 0 నుంచి 4 వరకు నిండాయి కనుక కొత్తది 5వ నంబరు గడిలో పెట్టి, ఉన్నవాళ్ళ సంఖ్యను 6 చేయాలి. సంఖ్య పెంచకపోతే ఆ విలువ పేరు హాజరు పట్టీలో ఎక్కనట్టే. తర్వాత వచ్చేది దాని నెత్తినే కూర్చుంటుంది.

మరి 100 నిండాక 101వది పెడితే? సి భాష అడ్డు చెప్పదు. పక్క మెమొరీ ఎవరిదైనా సరే, అందులో రాసేస్తుంది. ఒక్కోసారి ప్రోగ్రాం ఆగిపోతుంది. ఒక్కోసారి ఏమీ జరగనట్టే నడిచి తప్పు జవాబిస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. రిజిస్టరులో పేరు లేనివాణ్ణి భోజనానికి కూర్చోబెడితే ఆ పూట గడుస్తుంది. తగ్గింది ఎవరి పళ్ళెంలోనో తెలియదు.

అసలు చిక్కు మధ్యలో చేర్చడం దగ్గర వస్తుంది. ఊరికి పోతానన్న తమ్ముణ్ణి ఒక రాత్రి స్టడీ అవర్లో మెస్ హాలుకు తీసుకెళ్ళి గచ్చు మీద సుద్దముక్కతో ఆరు గడులు గీశాను. మొదటి అయిదింటిలో 10, 20, 40, 50, 60 రాశాం. 20 పక్కన 30 పెట్టాలి. "ముందు నుంచి జరుపుతానన్నా" అన్నాడు. జరపమన్నాను. 40ని పక్క గడిలో రాయాలంటే అక్కడున్న 50ని చెరపాలి. చెరిపాడు. ఆ 40నే మళ్ళీ పక్కన రాశాడు. 60 కూడా పోయింది. చివరికి 30 పెట్టి చూస్తే 10, 20, 30, 40, 40, 40 మిగిలాయి.

"అన్నా, 50, 60 ఏమైపోయాయి?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. కాసేపు గడులవైపే చూసి, మళ్ళీ మొదటి నుంచి రాసుకుని, ఈసారి 60ని ఖాళీ గడిలోకి జరిపాడు. తర్వాత 50ని, తర్వాత 40ని. ఖాళీ అయిన చోట 30 రాశాడు. "పెళ్ళి బంతిలో ఇంతే కదన్నా! మధ్యలో ఒకరికి చోటివ్వాలంటే చివర కూర్చున్నవాడే ముందు జరగాలి" అన్నాడు. పుస్తకంలో అర పేజీ ఇంగ్లీషులో ఉన్నది అతను ఒక్క వాక్యంలో చెప్పాడు. ఆ రాత్రి ఊరి మాట ఎత్తలేదు. పరీక్షల దాకా నిలుస్తాడో లేదో నేను చెప్పలేను. విషయం అర్థం కాక మాత్రం పోడు.

పైథాన్ నేర్చుకునేవాళ్ళకు ఈ బాధ కనిపించదు. అపెండ్ అని రాస్తే చివర చేరిపోతుంది. అయితే లోపల జరిగే పని మనకు తెలిసిందే. చోటు నిండితే పెద్ద చోటు చూసుకుని, అవసరమైతే అందరినీ అక్కడికి మార్చాలి. అద్దె భవనం నుంచి కొత్త భవనానికి పెట్టెలు మోసినట్టే. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా ఒక్క గది ఎక్కువున్న ఇల్లు వెతుకుతూ పోతే, 1000 మంది చేరేసరికి 4,99,500 సార్లు పెట్టెలు మోయాలి. నిండినప్పుడల్లా రెట్టింపు ఇల్లు తీసుకుంటే 1,023 సార్లు చాలు. జావా అర్రేలిస్ట్ సాధారణంగా ఒకటిన్నర రెట్లు పెంచుకుంటుంది. ముందుచూపుతో కొంత ఖాళీ ఉంచుకోవడమే ఇందులోని కిటుకు.

తమ్ముళ్ళూ, మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. సందేహం వస్తే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీలో చాలామందిదీ అదే పరిస్థితి. ప్రోగ్రాములు బట్టీ పట్టడానికి కారణం తెలివి తక్కువై కాదు, అడిగే చోటు లేకే. వరుసలో నిలబడటం, సర్దుకుని చోటివ్వడం, లెక్క రాయడం మనకు కొత్త కాదు. వాటి ఇంగ్లీషు పేర్లే కొత్త. కంప్యూటర్ లేదని ఆగకండి, ముందు గచ్చు మీద గీసి చూడండి, తర్వాత ల్యాబులో టైపు చేయండి. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. మీరు ఇప్పుడు వరుస చివర, ఖాళీ పక్కనే ఉన్నారు. నెలకో ఆదివారం వచ్చి ఒక్క పాఠం చెప్పండి. సుద్దముక్కలు నేను తెస్తాను.