పాండవుల గుట్టల వయసు

వరంగల్ నుంచి పరకాల దాటి పోతే రేగొండ మండలంలో పాండవుల గుట్టలు. అరణ్యవాసంలో పాండవులు ఇక్కడే తలదాచుకున్నారని చుట్టుపక్కల ఊళ్ల నమ్మకం. అందుకే ఆ పేరు.

అసలు ఇది ఇసుకరాయి. నీళ్ల అడుగున పొర మీద పొరగా పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైంది. ఆ తర్వాత వానా గాలీ దాన్ని కోసి కోసి ఈ నిట్టనిలువు గోడలనూ గుహలనూ చేశాయి. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లు. ఈ రాయి అంతకు ఎన్నో రెట్లు పాతది! పాండవులే ఈ గుహలు తొలిచారని పిల్లలకు చెప్పేస్తే ఇంత వయసూ ఒక్కమాటలో చెరిగిపోతుంది. నాకు అదే బాధ.

1990లో ఇక్కడ బయటపడ్డ రాతిబొమ్మల్లో అడవిదున్న, జింక, పులి ఉన్నాయి. చరిత్రకు ముందటి మనుషులు గీసినవి. తర్వాతి కాలం వాళ్లెవరో ఇవే గుట్టల్లో పాండవుల బొమ్మలూ వేశారు. అంటే ఆ నమ్మకానికీ ఒక చరిత్ర ఉంది, దాన్ని ఎగతాళి చేయొద్దు. కానీ గుట్ట పుట్టుక మాత్రం భూగర్భశాస్త్రాన్నే అడగాలి.

పిల్లల్ని తీసుకెళ్లండి. కథ చెప్పండి, రాతి పొరలూ చూపించండి. బొమ్మల మీద పేర్లు మాత్రం గీకనివ్వకండి.