సవర కొండలకు పోయేముందు

మా బరంపురం సంఘంలోని పడుచువాళ్లు పదిమంది ఈ వేసవి సెలవుల్లో వారంరోజులు గజపతి జిల్లా సవర గ్రామాలలో సువార్తసేవకు పోదామని సంకల్పించారు. పెద్దవాణ్ణి గదా అని నన్నూ వెంట రమ్మన్నారు.

ప్రయాణం పెద్ద కష్టమేమీ కాదు. నౌపడా మీదుగా పర్లాకిమిడి చేరితే, ఆపైన కొండదారి. 1900లో వేసిన ఆ చిన్నరైలు మార్గం 2011 నాటికి పెద్దలైను అయింది. దోమతెరలు, డాక్టరు రాసిన మలేరియా మందులు, టార్చిలైటు ఒక్కపూటలో సర్దుకోవచ్చు.

అంతకన్న ముఖ్యమైనది వేరే ఉన్నది. కిందటిసారి మేము పాతబట్టల మూటలు మోసుకుపోయాము. ఆ ఊరి సంఘపెద్ద మర్యాదగా అందుకుని, “బాబూ, వచ్చేముందు ఒక్కమాట అడగవలసింది. మందిరం కప్పు వేసుకోడానికి మాకు మనుషులు చాలక ఇబ్బంది పడుతున్నాము” అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సవరలలో ఎందరో తరాలుగా క్రైస్తవులే. వారి అవసరం వారిని అడగకుండా మనం చేసే సేవ ఏపాటిది?

పర్లాకిమిడిలో పంతులుగా ఉండిన గిడుగు రామమూర్తిగారు సవరల భాష సవరల దగ్గరే నేర్చుకున్నారు. వారి పిల్లలకు బడులు పెట్టారు. 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. ముందు విన్నారు, తరువాతనే చెప్పారు.

అందుకని ఈసారి ముందే ఉత్తరం రాసి అడిగాము. ప్రహరీగోడ కట్టాలట. మా పిల్లలు సాయంకాలాలు పాటలతోపాటు నాలుగు సవర మాటలు వల్లిస్తున్నారు. బట్టలమూటలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి.