డీటీపీ గది నోటుబుక్కు

6 అక్టోబర్ 2025, సోమవారం

మాస్టారి పుస్తకం రెండో ముద్రణ ఒప్పుకున్నాను. గుడివాడ వైపు ఒక ఊరి చరిత్ర, మొదటిసారి 2003లో వేశారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి శాసనంలో ఏముంది, ఏ పొలానికి ఆ పేరు ఎందుకొచ్చింది, అన్నీ ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకున్న మనిషి. ఫైళ్లు సీడీలో ఉన్నాయి. సీడీ ఇంకా చదువుతోంది, అది అదృష్టం. లోపల పేజ్‌మేకర్, అను ఫాంట్లు.

మాస్టారి మనవడు ఆ ఫైల్లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పంపాడు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యమధ్య పౌండు గుర్తులు. "ఫైలు పాడైపోయిందా అంకుల్?" పాడవలేదు నాయనా, మొదట్నుంచీ అంతే. అను ఫైల్లో కంప్యూటరు దాచుకున్నది తెలుగు కాదు, ఇంగ్లీషు సంకేతాలే. వాటికి తెలుగు బొమ్మలు తొడిగింది ఫాంటు. ఫాంటు తీసేస్తే మిగిలేది ఇదే.

దీనికి మా వాళ్లను తిట్టి లాభం లేదు. యూనికోడ్ 1991లో తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా 128 గళ్లు కేటాయించింది, నిజమే. కానీ విండోస్‌లో గౌతమి ఫాంటు ఎక్స్‌పీతో 2001లో గానీ రాలేదు. ఇన్‌డిజైన్ మన వత్తుల్ని సరిగ్గా కూర్చడం నేర్చుకుంది 2012లో, సీఎస్6తో. అన్నేళ్లు పుస్తకాలు ఆగవు కదా. అచ్చు దేంతో వస్తే దాంతో కానిచ్చారు.

8 అక్టోబర్, బుధవారం

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. పేరా అతికిస్తే క్షణంలో మార్చి ఇస్తాయి. అది నేరుగా అచ్చుకు పనికిరాదు. అను కంటికి కనబడే వరసలో ముక్కలు పేరుస్తుంది: తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. యూనికోడ్ పలికే వరసలో దాస్తుంది: హల్లు, పొల్లు, వత్తయ్యే హల్లు, చివర గుణింతం. ఒక వరసను ఇంకో వరసలోకి తిప్పేటప్పుడే తప్పులు దొర్లుతాయి.

ఒక సుఖం ఉంది. మనిషి చేసే తప్పు పేజీకో రకం. కన్వర్టర్ తప్పు పుస్తకమంతా ఒకే రకం. అందుకని చేత్తో దిద్దుకుంటూ పోకూడదు. మొదటి అధ్యాయం మాత్రం కూర్చుని చదివి, ఏది ఏమైందో రెండు వరసల్లో రాసుకుని, మిగతా పుస్తకమంతా ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మార్చేశాను. ఆ జాబితా విడిగా దాచాను, వచ్చే పుస్తకానికి పనికొస్తుంది. "రీప్లేస్ ఆల్" నొక్కే ముందు మాత్రం ఫైలుకు కాపీ తీసిపెట్టుకోవాలి. కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

పాత కాపీల కోసం హార్డ్ డిస్కులు గాలించడానికి ఎవ్రీథింగ్ అనే ప్రోగ్రాం వాడాను. ఉచితం, చిన్నది. విండోస్ సొంత వెతుకులాట ఫోల్డర్లన్నీ తడుముకుంటూ పోతుంది. ఇది డిస్కు మీద ఎన్‌టీఎఫ్ఎస్ రాసుకునే ఫైళ్ల పట్టికనే చదువుకుంటుంది గనక, పేరులో రెండు అక్షరాలు కొట్టేసరికి జాబితా ముందుంటుంది. మూడో అధ్యాయం మాస్టారు చివర్లో దిద్దిన కాపీ అలాగే దొరికింది, ఎవరిదో పెళ్లిపత్రికల ఫోల్డర్లో.

11 అక్టోబర్, శనివారం

మాస్టారు మొదటి ప్రూఫు తిప్పి పంపారు. తన పేరు కింది హోదా చుట్టూ ఎర్ర సిరా. "ఏమోయ్, ముప్పై ఏళ్లు హెడ్‌మాస్టరుగా చేస్తే నన్ను హెడ్మాస్టరును చేశావేమిటి? డ కింద మకారం వత్తు ఎక్కడిది?"

"ఆ వత్తు నేను పెట్టలేదండి మాస్టారూ, యూనికోడే పెట్టుకుంది" అన్నాను. అన్నానుగానీ ఫోన్లో విడమరచి చెప్పేసరికి చెమట పట్టింది. అనులో పొల్లు ఒక బొమ్మ, పక్కన మ ఇంకో బొమ్మ, దేని దారి దానిది. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలిసి వత్తు అయిపోతాయి. తెలుగు మాటలకు అదే కావాలి. హెడ్‌మాస్టర్, సబ్‌కలెక్టర్, సాఫ్ట్‌వేర్ లాంటి వాటికి అక్కర్లేదు. అక్కడ కలవకుండా ఆపడానికి కంటికి కనబడని అక్షరం ఒకటుంది: జీరో విడ్త్ నాన్‌జాయినర్. దాని సంకేతం 200సి. వర్డ్‌లో పొల్లు తర్వాత 200సి అని ఇంగ్లీషులో కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఆ అంకెలు మాయమై ఇది కూర్చుంటుంది. ప్రతిసారీ ఇంత తతంగం పడలేం కాబట్టి, తరచూ వచ్చే మాటల్ని ఆటోకరెక్ట్‌లో ఎక్కించేశాను. హెడ్మాస్టర్ అని పడితే దానంతటదే హెడ్‌మాస్టర్ అవుతుంది.

నా ఉద్దేశంలో తెలుగు టైపు చేసేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి చిట్కా ఇదే. పేపర్ల వెబ్‌సైట్లలో కూడా "విజయ్కుమార్"లు కనబడుతూనే ఉన్నారు.

ఈ కనబడని అక్షరానికి ఒక చరిత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" ఉన్న మెసేజి వస్తే ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది. మామూలు జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ తర్వాత ఈ నాన్‌జాయినర్, ఆపైన దీర్ఘం ఉన్న జ్ఞా. ఆ వరసను తెరమీద గీయబోయి ప్రోగ్రాం చతికిలబడేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వదిలి సర్దింది. తెలుగు అంటే ఏమిటో ఎన్నడూ వినని దేశాల వాళ్లకు కూడా ఆ వారం మన అక్షరం ఒకటి తెలిసింది. అదీ ఈ విధంగా!

14 అక్టోబర్, మంగళవారం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత అప్‌డేట్లు ఇవాళ్టితో సరి. అడిగి నమోదు చేసుకుంటే ఇళ్లలో వాడే కంప్యూటర్లకు ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తారట. మా గదిలో పాత మిషన్లకు టీపీఎం 2.0 లేదు, విండోస్ 11 ఎక్కదు. వాటిని తుక్కు కింద అమ్మేయమని సలహాలొస్తున్నాయి. అమ్మను. ఒకటి నెట్ కేబుల్ పీకేసి పేజ్‌మేకర్ కోసమే ఉంచుతాను. రెండోదాంట్లో లినక్స్ మింట్, లిబర్‌ఆఫీస్ వేస్తాను. యూనికోడ్ టైపింగుకు, ప్రూఫు చూడ్డానికి అంతకన్నా ఏం కావాలి? అను మాత్రం అందులో నడవదు, ఆ ఆశ పెట్టుకోకూడదు.

17 అక్టోబర్, శుక్రవారం

ఫాంట్లు ఖాయమయ్యాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చి ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్న వాటిలోంచే: లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతోనూ ఉన్నాయి. అష్టదిగ్గజాల్లో సగం మందికి పైగా ఫాంటు మెనూలో కొలువు తీరారు. మాస్టారు నమూనా చూసి మురిసిపోయారు.

మనవడి గోడు: "వర్డ్‌లో ఫాంటు మారుస్తుంటే తెలుగు మారట్లేదు అంకుల్, ఇంగ్లీషే మారుతోంది." కంట్రోల్ డి నొక్కు, కింద కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే గడి ఉంటుంది, తెలుగు ఫాంటు అక్కడ ఎంచుకో అన్నాను. లిబర్‌ఆఫీస్‌లో అయితే ఆప్షన్స్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్కు పెట్టుకోవాలి. తెలుగు సంక్లిష్ట లిపుల జాబితాలో ఉందని చెప్పేవాడు లేక ఎంతమంది ఆ సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకుంటారో.

ఊళ్లోవాళ్లు పంపిన ఫొటోలు మళ్లీ పంపమన్నాను. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. తెర మీద బాగానే ఉంటుంది, అచ్చులో మసక. నాలుగు అంగుళాల వెడల్పు బొమ్మకు అంగుళానికి 300 చొప్పున 1200 పిక్సెళ్లు ఉండాలి. గ్యాలరీ గుర్తు నొక్కకుండా డాక్యుమెంట్ నొక్కి అందులోంచి ఫొటో ఎంచుకుంటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఈ ఒక్క ముక్క రాసి తలుపు మీద అంటించాలి.

21 అక్టోబర్, మంగళవారం

పండక్కి బెంగళూరు నుంచి మేనకోడలు వచ్చింది. నా ఫోను చేతిలోకి తీసుకుని "ఏంటి మావయ్యా, ఇన్ని క్లీనర్లు! శుభ్రం చేసేవే చెత్తంతా" అంటూ అన్నీ పీకేసింది. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేసింది, మేనేజ్ స్టోరేజ్‌లోకి వెళ్లి పెద్ద వీడియోలు తుడిచేసింది. నిజంగా లాభమున్నది ఈ రెంటితోనే. తర్వాత బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యానిమేషన్ స్కేలు సగానికి తగ్గించింది. ఫోను పరిగెడుతున్నట్టుంది. ప్రాసెసర్ వేగం ఏమీ పెరగదు, తెరలు మారేటప్పుడు చూపించే హంగు తగ్గుతుంది, అంతే. అయినా బాగుంది, తీయను.

తను వెళ్లాక నేను చేసుకున్నది ఒకటి. జీబోర్డ్ పర్సనల్ డిక్షనరీలో "ప్రూఫు చూసి తప్పులు దిద్ది ఫొటో తీసి పంపండి" అనే వాక్యాన్ని రెండు ఇంగ్లీషు అక్షరాలకు కట్టేశాను. రోజూ అందరికీ కొట్టే మాటే కదా.

24 అక్టోబర్, శుక్రవారం

అనుబంధం ఫైలు సీడీలో లేదు, అచ్చు పుస్తకంలో మాత్రమే ఉంది. స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ఓపెన్ విత్ గూగుల్ డాక్స్ అంటే బొమ్మ కింద అక్షరాలు తీసి పెట్టింది. నెట్ లేనప్పుడు టెసరాక్ట్ ఉంది. హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్లు 1985లో మొదలుపెట్టి, 2005లో అందరికీ వదిలేసిన ప్రోగ్రాం. తెలుగు డేటా విడిగా దించుకోవాలి.

రెండూ కొన్నిచోట్ల నిండు సున్నాను అంకె 0గా చదివాయి. కంటికి రెండూ గుండ్రమే, ప్రూఫులో దొరకవు. లిబర్‌ఆఫీస్ ఫైండ్ అండ్ రీప్లేస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్‌కు టిక్కు పెట్టి, "ముందు తెలుగు అక్షరం ఉన్న 0" మాత్రమే పట్టుకుని సున్నాగా మార్చమన్నాను. సంవత్సరాలు, రూపాయలు చెక్కుచెదరలేదు, ఎందుకంటే అక్కడ 0 ముందున్నది అంకె. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే మాటకు భయపడి చాలామంది ఆ గడి జోలికి పోరు. ఓ సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్లలో దీన్ని ఎందుకు నేర్పరో నాకు అర్థం కాదు.

28 అక్టోబర్, మంగళవారం

మొంథా తుఫాను. పొద్దున్నుంచి వాన, కరెంటు వచ్చి పోతోంది. వర్డ్‌లో ఆటోరికవర్ పది నిమిషాలకోసారి ఉండేది, రెండుకు తగ్గించాను. పుస్తకం ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి. ఇక వర్షం దాని ఇష్టం.

1 నవంబర్, శనివారం

దాతల జాబితా మనవడు పంపాడు. సీఎస్‌వీ ఫైలు, ఎక్సెల్‌లో తెరిస్తే పేర్లన్నీ పిచ్చిగీతలు. ఇది అను జబ్బు కాదు, లోపల ఉన్నది శుద్ధమైన యూనికోడే. ఎక్సెల్ దాన్ని పాత పద్ధతిలో చదువుతోంది. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ నుంచి తెచ్చి, 65001 యూటీఎఫ్-8 ఎంచుకుంటే పేర్లు తెలుగులో నిలబడ్డాయి. ఆ గీతల్ని చూసి మాస్టారు జాబితా అంతా మళ్లీ టైపు చేయించబోయారు.

ఆవిష్కరణ సభకు ఎస్సెమ్మెస్ పంపుదామన్నారు. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే మెసేజిలో తెలుగు 70కి మించదు, అందులో గుణింతం, పొల్లు కూడా లెక్కే. మించితే రెండో మెసేజి డబ్బు. వాట్సాప్ చాలన్నాను.

7 నవంబర్, శుక్రవారం

పుస్తకం ప్రెస్సుకు వెళ్లింది. మాస్టారు వచ్చి పీడీఎఫ్‌లో వెతకడం ఎలాగో చూపించమన్నారు. కంట్రోల్ ఎఫ్ కొట్టి "చెరువు" అంటే ఉన్నచోట్లన్నీ దొరికాయి. "ధ్వజస్తంభం" అంటే ఒక్కటీ లేదంది. ఎదురుగా పేజీలో నల్లగా కనబడుతూనే ఉంది! ఆయన కళ్లద్దాలు తీసి నావైపు చూశారు.

పీడీఎఫ్ కాగితానికి అద్దం పట్టడానికి పుట్టింది. వత్తులు కూడిన అక్షరాన్ని బొమ్మగా గీసేస్తుంది, ఆ బొమ్మ వెనక ఏయే అక్షరాలున్నాయో చాలాసార్లు సరిగ్గా గుర్తుంచుకోదు. యూనికోడ్‌లో చేసిన పుస్తకమైనా పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే తెలుగు చెదిరిపోయేది ఇందుకే. అదే మాట వర్డ్ ఫైల్లో వెతికితే వెంటనే దొరికింది. "అయితే నాకు ఆ ఫైలే ఇవ్వవోయ్" అన్నారు. ఇచ్చాను.

2003లో ఆయనకు చేతికిచ్చింది సీడీ ఒక్కటే. ఇకమీదట ఈ గదిలో తయారైన ప్రతి పుస్తకానికీ పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఫైలు కూడా రచయితకు ఇవ్వాలి. వాళ్లు అడగకపోయినా సరే. దానికి వేరే చార్జీ లేదు.