సరస్సు ఒడ్డున దివిసీమ

టొరంటో నుంచి నయాగరా జలపాతం చూడబోయే మిత్రులకు మా హామిల్టన్ స్కైవే వంతెన తెలిసే ఉంటుంది. పైనుంచి చూస్తే కుడివైపు హార్బరు, ఉక్కు కర్మాగారాల పొగగొట్టాలు. ఎడమవైపు కనుచూపు మేర అంటారియో సరస్సు. ఈ రెండు నీళ్ళ మధ్య సన్నని ఇసుక మేట, దాని మీద వరుసగా ఇళ్ళు. దానినే బీచ్ స్ట్రిప్ అంటారు. వేసవిలో మన కుటుంబాలు పులిహోర, పెరుగన్నం పట్టుకుని చేరేది అక్కడికే.

నవంబరులో ఆ ఒడ్డు తీరే వేరు. తూర్పుగాలి వీస్తే సరస్సు సముద్రంలా హోరెత్తుతుంది. మాకు తెలిసిన ఒక పెద్దాయన ఆ నెలలో అటు రారు. ఆయనది కోడూరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు ఆయన ఈ ఊళ్ళోనే ఉద్యోగంలో ఉన్నారు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీద పడింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. చాలా రోజులకు ఆయనకు ఉత్తరం అందింది. అన్నగారి ఇంట్లో ఎవరూ మిగలలేదు.

"పడినవాళ్ళు పడ్డారు. అక్కడ లేనివాణ్ణి, నాదేముంది బాబూ?" అన్నారు మాతో. అయినా 1996లో కోనసీమ తుఫాను, 2014లో హుద్‌హుద్ వార్తలు విన్నపుడు ఆయనకు మళ్ళీ నిద్ర కరువైంది.

పి.టి.ఎస్.డి. అనే పేరు అమెరికా మనోవైద్యుల గ్రంథంలో చేరింది 1980లో, ఉప్పెన తర్వాత మూడేళ్ళకు. అయినవాళ్ళు ప్రమాదంలో పోయారన్న కబురు వినడం కూడా దీనికి కారణం కావచ్చునని నేటి వైద్యం ఒప్పుకుంటుంది. పీడకలలు, ఉలికిపాటు, ఆ తలపు తెచ్చే చోటికి పోలేకపోవడం, ఇవి నెల దాటినా తగ్గకపోవడం దీని గుర్తులు. ప్రతి దుఃఖమూ జబ్బు కాదు. కాని పరదేశంలో ఉన్నవాడు కడసారి చూపు చూడలేదు, కర్మకు కూర్చోలేదు, పదిమందిలో ఏడవలేదు. మర్నాడు షిఫ్టుకు వెళ్ళాడు. పైగా, బ్రతికి ఉన్నందుకు తనను తానే నిందించుకుంటాడు.

మన ఇళ్ళలో ఇలాంటి పెద్దలుంటే "చాదస్తం" అని త్రోసిపుచ్చవద్దు. చెప్పమని బలవంతం చేయవద్దు. చెప్పినపుడు తీరిగ్గా వినండి. నిద్ర, తిండి చెడితే ఫ్యామిలీ డాక్టరుకు చూపించండి. ఏళ్ళు గడిచినా ఇందుకు ప్రత్యేకించిన మాటల చికిత్స పనిచేస్తుంది. అక్కడ లేకపోయినంత మాత్రాన ఉప్పెన తాకలేదని కాదు. ఈ సంగతి ఆయనకు మనమే చెప్పాలి.