తూనీగ కన్ను

ఖరీదైన లెన్సు ఉంటే చిత్రంలో స్పష్టత దానంతట అదే వస్తుందని మిత్రులు కొందరంటారు. తూనీగ ముందు మోకాళ్లపై కూర్చున్నవారికి ఆ భ్రమ నిలవదు. ప్రాణి బింబం దాని నిజ పరిమాణంలో ఏర్పడేంత దగ్గరకు చేరితే, 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలో లెన్సు రంధ్రాన్ని ఎఫ్-16 వరకు కుదించినా స్పష్టంగా కనిపించే లోతు సుమారు 2 మిల్లీమీటర్లే. ఇంకా కుదిస్తే కాంతి వివర్తనం వల్ల చిత్రమంతా మసకబారుతుంది. ఆ కాస్త స్పష్టతను నేను కంటికే కేటాయిస్తాను. రెక్కల అంచు మసకైనా సహించవచ్చు; కన్ను మసకైతే ఆ చిత్రంలో ప్రాణం ఉండదు.

ప్రాణి కదలడం మరో చిక్కు. కీటకాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారిన తరువాత చిత్రం తీసేవారున్నారు. వారి చిత్రాలు స్పష్టమైనవే, కాదనను. కాని ఆ పద్ధతి నాకు సమ్మతం కాదు. వేకువ చలిలో తూనీగ తానే గడ్డిపరకను పట్టుకొని నిశ్చలంగా ఉంటుంది, ఒంటినిండా మంచుబిందువులతో. ట్రైపాడ్ నిలిపి, కెమెరాను దాని దేహానికి సమాంతరంగా తిప్పి, గాలి ఆగేదాకా వేచి ఉంటాను. ఎండపొడ తగిలాక రెక్కలు సన్నగా అదురుతాయి. అప్పటికి చిత్రం దక్కకపోతే మరునాడు మళ్లీ రావలసిందే.